కడప వెల్డింగ్ షాపు అన్నకు కృతజ్ఞతలు

ఏడురోడ్ల దగ్గరి వెల్డింగ్ షాపు అన్నా, పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు కాబట్టి ఇలా రాస్తున్నా. పక్షవాతంతో మా నాయన ఎడమచెయ్యి పడిపోయింది, హార్మోనియం మెట్లు నొక్కే కుడిచెయ్యి బాగానే ఉన్నా తిత్తి ఆడించే చెయ్యి లేకపోతే స్వరమే పలకదు కదా, భజనకు పోవడమే మానేశాడు. మీరు స్టాండు చేసి, తిత్తి రెక్కకు సైకిల్ బ్రేకు వైరు కట్టి కుడికాలి కింద పెడల్ పెట్టారు. తొక్కితే రెక్క మూసుకుంటుంది, వదిలితే లోపలి స్ప్రింగే తెరుస్తుంది. పాత నాటకాల్లో కాలితో తొక్కే హార్మోనియాలు ఉండేవి, కానీ నాయనకు తన పెట్టే కావాలి! పెడల్ ఎత్తు కుదరలేదని ఆయన కాలు పెట్టించి చూసి, కోసి మళ్లీ అతికించారు చూడండి, ఆ ఓపికకు దండం. ఇప్పుడు శనివారం భజనకు అందరికంటే ముందు ఆయనే రెడీ. చాలా థ్యాంక్స్ అన్నా, మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి.