సైకిలుకు మీటరున్నర ఎడం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

సైకిళ్లవాళ్లు అంచున పోకుండా రోడ్డు మధ్యకు వచ్చి అడ్డం పడుతున్నారని వాహనదారులు తరచూ విసుక్కుంటారు. పనికి సైకిలు మీదే వెళ్లే మనిషిగా ఆ మాటకు జవాబు చెప్పాలనిపించింది.

ఆ అంచున ఏముందో కార్లో కూర్చున్నవారికి కనిపించదు. కొట్టుకొచ్చిన ఇసుక, గాజు పెంకులు, రోడ్డు మట్టం కంటే రెండంగుళాలు దిగిపోయిన మ్యాన్‌హోల్ మూత, వాన పడితే లోతు తెలియని నీళ్లు. కారు లెక్కచేయని గుంట సైకిలు ముందు చక్రాన్ని మెలితిప్పేస్తుంది. పైగా సైకిలు గీత గీసినట్టు నడవదు. నిలదొక్కుకోవడానికే హ్యాండిల్ కాస్త అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. వేగం తగ్గినకొద్దీ ఆ ఊగు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే భుజాన్ని రాసుకుంటూ ఒక బస్సు దూసుకుపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఆగి ఉన్న కార్లు మరో గండం. వెనక్కి చూడకుండా తలుపు తీస్తే బ్రేకు వేసే వ్యవధి కూడా దొరకదు, పక్కకు తిప్పితే వెనక లారీ. దీనికి పైసా ఖర్చులేని విరుగుడుంది. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తీస్తే భుజం తిరిగి, చూపు దానంతటదే వెనక్కి వెళ్తుంది. బ్రిటన్ 2022లో ఈ పద్ధతిని తన రోడ్డు నియమావళి అయిన హైవే కోడ్‌లో చేర్చింది.

దాటేటప్పుడు ‘తగినంత దూరం’ పాటించాలంటే ఎవరి కొలత వారిదే. జర్మనీ 2020లో ఆ కొలతను అంకెల్లో రాసేసింది: సైకిలును దాటే మోటారు వాహనం పట్టణంలో కనీసం 1.5 మీటర్లు, పట్టణం బయట 2 మీటర్లు ఎడం ఉంచాలి. అంత చోటు లేకపోతే వెనకే ఆగాలి. పోయేది కొన్ని క్షణాలే. హారన్ మోగించి ముందుకు దూకిన కారును తర్వాతి సిగ్నల్ దగ్గర సైకిలు అందుకోవడం మామూలే.

దీపం లేకుండా రాత్రి తొక్కేవాళ్లు, ఎదురు దిశలో వచ్చేవాళ్లు, ఎర్ర దీపాన్ని లెక్కచేయనివాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు జరిమానా వేయండి, నేను అడ్డు చెప్పను. అయితే టన్నుకు పైగా బరువున్న కారు వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే ఎక్కువ జాగ్రత్త స్టీరింగ్ పట్టినవారి మీదే ఉండాలి.

సైకిలును ఎంత ఎడంతో దాటాలి, తలుపు ఏ చేత్తో తీయాలి అన్నవి డ్రైవింగ్ పరీక్షలో చేయించి చూడాలి. లారీ, బస్సు డ్రైవర్లకైతే మలుపు తిరిగేటప్పుడు పక్కన సైకిలు ఉందేమో చూడటం తప్పనిసరి పాఠం కావాలి. మీటరున్నర నిబంధనను చట్టంలో అంకెతో సహా రాయాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు