మన స్టేషన్ గురించి నువ్వడిగినావు కదా

చిరంజీవి పాపకు,

మీ నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాము. మీ అమ్మ చెనక్కాయల పొడి, ఊరిమిండి కట్టి పెట్టింది. హైదరాబాదు వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపుతాము.

మొన్న ఫోన్లో "నాయనా, మన స్టేషన్ ఎప్పుడు కట్టినారు?" అని అడిగినావు. మౌలాలి రైల్వే ట్రైనింగులో మీ సారు ఎవరి ఊరి స్టేషన్ గురించి వాళ్లను చెప్పమన్నాడంటివి. నేను "బ్రిటిషోళ్ల కాలంలోది మ్మా" అని ఊరుకున్నాను. ముప్పై నాలుగేండ్లు ఈ లైను మీద పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసినోణ్ణి. నా కూతురు స్టేషన్ మాస్టరు కాబోతా అడిగితే ఆ ఒక్క ముక్కేనా నేను చెప్పాల్సింది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఈ లైను వేసింది మద్రాసు రైల్వే కంపెనీ. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా బండి నడిపినాక, అరక్కోణం కాడ ఒక పాయను ఉత్తరానికి తిప్పినారు. అది రేణిగుంట, కోడూరు, రాజంపేట, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా సాగి, 1871లో రాయచూరు కాడ బొంబాయి నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. కంపెనీకి లాభం రాకున్నా నూటికి ఐదు వడ్డీ ఇస్తామని సర్కారు మాటిచ్చింది. ఆ సొమ్ము రైతుల శిస్తులోంచే పోయింది. కాబట్టి ఇది ఎవరో దయతలచి పెట్టింది కాదు పాపా, మన పెద్దోళ్ల డబ్బుతో వేసింది.

అయితే మన ఊరి మీద ప్రేమతో ఇక్కడ స్టేషన్ పెట్టలేదు. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు తప్పుకోవాలంటే కొన్ని మైళ్లకొకచోట లూపు లైను ఉండాలి. ఒక బండి పక్కకు తప్పుకొని నిలబడితే, రెండోది దాటిపోతుంది. ఆ తప్పుకునే చోటు మన ఊరి పొలాల్లో పడింది. మెయిలు మనకాడ ఏనాడూ ఆగలేదు, కానీ మెయిలు పోవాలంటే మన స్టేషన్ ఉండాల్సిందే. నీకు చిన్న స్టేషన్లో పోస్టింగ్ వస్తే ఈ సంగతి గుర్తు పెట్టుకో.

లైను పూర్తయి ఐదేండ్లయిందో లేదో, 1876లో ధాత కరువు వచ్చింది. మద్రాసు రేవులో దిగిన బియ్యం బస్తాలు ఈ పట్టాల మీదనే కడపకు, గుత్తికి, బళ్లారికి చేరినాయి. స్టేషన్ల కాడ గింజలు గుట్టలు పోసినా, లోపలి ఊర్లకు మోయడానికి ఎద్దులు బతికిలేవు. మేత లేక అవీ చచ్చిపోయినాయి. గింజలు కంటికి కనబడతా ఉండంగానే జనం పోయినారు. ఈ కరువు మాట మా జేజి చెప్పేది, ఆమె వాళ్ల జేజి కాడ విన్నదంట. రైలు కూత వినబడితే అన్నం వచ్చిందని పిల్లోళ్లు లేచి కూర్చునేవాళ్లని చెప్పి, ఆ తర్వాత ఇంక మాట్లాడేది కాదు.

ఇంక మంగపట్నం. ముద్దనూరుకూ కొండాపురానికీ మధ్య ఉండే ఆ స్టేషన్ నువ్వు చూసిందే. 1902 సెప్టెంబరులో కుండపోత వానలకు అక్కడి వంతెన కొట్టుకుపోతే మెయిలు బండి నీళ్లలో పడింది. పదుల కొద్దీ జనం చచ్చిపోయినారు. మీ జేజినాయన మన స్టేషన్లో ల్యాంప్‌మన్‌గా చేసేటప్పుడు కూడా, ముసురు పడితే బండ్లకు పట్టాలు మార్చే పాతకాలం పాయింట్స్‌మన్లు ఆ మాటే చెప్పుకునేవాళ్లంట. సాయంత్రం సిగ్నల్ దీపాల్లో కిరసనాయిలు పోసి, నిచ్చెనెక్కి వెలిగించి వచ్చేటోడు మీ జేజినాయన. గాలికి ఒక దీపం ఆరిపోతే అర్ధరాత్రైనా మళ్లీ ఎక్కాల్సిందే. ఎందుకంత భయమని నేను చిన్నప్పుడు అడిగితే, "మంగపట్నం" అన్నాడు, అంతే.

నాకది అర్థమైంది వాన బీటు, అంటే వానకాలం రాత్రుల్లో పట్టాలు చూస్తా నడిచే పని, చేసినాకనే. నీకు ఇంతవరకు చెప్పలేదు, అప్పటికి నువ్వు ఒళ్లో పిల్లవు. అక్టోబరు నెల. నేనూ ఇంకొకతనూ రాత్రి బీటులో ఉన్నాము. చేతిలో మూడు రంగుల లాంతరు, సంచిలో డిటోనేటర్లు. పట్టాకు బిగిస్తే బండి చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి, మేము టపాకాయలనేవాళ్లం. వంక దగ్గరికి వచ్చేసరికి నీళ్ల మోత మారింది. దీపం దించి చూస్తే పట్టా కింద కంకర లేదు, మన్ను లేదు, స్లీపర్లు పట్టాకు వేలాడుతా ఉన్నాయి. అతను అటు పరిగెత్తినాడు, నేను ఇటు. ఆరు వందల మీటర్ల కాడ ఒకటి, పన్నెండు వందల మీటర్ల కాడ పది పది మీటర్ల ఎడంగా మూడు. మీ పుస్తకంలో కూడా ఇట్లే ఉంటుంది చూడు. మూడోది బిగిస్తా ఉండంగానే ఇంజను వెలుతురు కనబడింది. పట్టాల పక్కకు దూకి ఎర్ర దీపం ఊపినాను. మూడూ పేలినాయి. గూడ్సు బండి కీచుమని అరుస్తా అరుస్తా పోయి ఆగింది. డ్రైవరు దిగొచ్చి, తన ఫ్లాస్కులోని టీ నాకు పోసిచ్చినాడు. చేతులు వణికి సగం కింద పడింది. ఇంటికొచ్చి నిన్ను ఎత్తుకొని తెల్లారేదాకా కూర్చున్నా, మీ అమ్మకు కూడా కారణం చెప్పలేదు.

మీరు ఇప్పుడు నేర్చుకునేది అంతా కంప్యూటరు ప్యానెలు. మన స్టేషన్లో నీల్స్ బాల్ టోకెన్ మిషన్ ఉండేది. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల ఇనుప బంతి బయటికొచ్చేది. అది పోయి అవతలి మిషన్లో పడేదాకా ఇంకొక బంతి రాదు. ఆ బంతిని తోలుసంచిలో పెట్టి, బెత్తం రింగుకు కట్టి, పోయే బండిలోని డ్రైవరు చేతికి పాయింట్స్‌మన్ అందించేటోడు. బంతి చేతికి రానిదే డ్రైవరు ముందుకు పోగూడదు. ఎదురు బండి లేదని చెప్పే సాక్ష్యం ఆ పిడికెడు ఇనుమే.

ఇంకొక మాట కూడా మీ సారుకు చెప్పు. గుంతకల్లు కాడ హంపన్న అని రైల్వే గేటుమన్ ఉండేవాడు. 1893లో తెల్ల సోల్జర్లు ఆడోళ్లిద్దరి వెంటబడితే అడ్డం పోయి తుపాకి గుండుకు బలైనాడు. గుత్తి వకీలు కేశవపిళ్లె ఆ కేసు కోసం ఎంతో పోరాడినా, కాల్చినోణ్ణి నిర్దోషి అని వదిలేసినారు. జీతం తక్కువ నౌకరీ అయినా ఈ లైను మీద అట్లాంటి మనిషి పనిచేసినాడు.

రెండో లైను పడింది, కరెంటు తీగలు వచ్చినాయి. మంచిదే. కానీ 2020లో బండ్లు నిలిపేసినాక, మనకాడ ప్యాసింజరు ఆగేది కూడా పోయింది. కడప ఆస్పత్రికి పోయే ముసలోళ్లు ఇప్పుడు ఆటోకు రైలు చార్జీ కంటే ఎన్నో రెట్లు పెడుతున్నారు. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. మేము నలుగురం అర్జీ రాసి సంతకాలు పెట్టించినాము, జవాబు రాలేదు. మళ్లీ రాస్తాము.

నీకు పోస్టింగ్ ఎక్కడ పడుతుందో తెలీదు. వానలు మొదలుగాక ముందే, డ్యూటీ లేని ఒక పొద్దున, రోజూ పట్టాలు చూసుకుంటా నడిచే కీమన్ వెంబడి నడిచి మీ సెక్షన్లోని వంతెనలన్నీ చూసి రా. కింద స్తంభాల మీద ప్రమాద మట్టం గీత రంగేసి ఉంటుంది, అది మాసిపోయిందో లేదో నీ కళ్లతో చూడు. ఆ కీమన్ పేరు, రాత్రి బీటు తిరిగే మనుషుల పేర్లు అడిగి తెలుసుకో. వానరాత్రి వాళ్ల నుంచి ఫోను వస్తే, గొంతు విని మనిషిని గుర్తుపట్టాలి నువ్వు.

ఇట్లు,
మీ నాయన