మంచం పట్టాక కార్డు సరే, అంతకుముందు మాత్రల మాటేమిటి?

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ప్రభుత్వాలు ఆరోగ్యంపై పెట్టే ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి పెంచుతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో మీ శాఖే రాసుకుంది. గడువు దాటిపోయింది. కోవిడ్ రెండో ఉద్ధృతి వచ్చిన 2021-22లో కూడా, జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం, అది 1.84 శాతమే. ఆ విధానంలోనే ఇంకో మాట ఉంది. నిధుల్లో మూడింట రెండు వంతులో, అంతకు మించో ప్రాథమిక వైద్యానికే వెళ్లాలన్నది. మొదటి మాటను అప్పుడప్పుడూ ప్రతిపక్షాలైనా ఎత్తుతాయి, రెండోదాన్ని ఎత్తేవారు లేరు. అందుకే ఈ లేఖ.

ఆయుష్మాన్ భారత్ కార్డును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం చిన్న విషయం కాదు. 2024లో 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, దాన్ని వర్తింపజేయడం మంచి నిర్ణయం. అయితే ఆ కార్డు అక్కరకు వచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడే. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వెళ్లాక 15 రోజులు ఖర్చు ఇస్తారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఆ తర్వాత కూడా బతుకంతా ఉంటుంది కదా!

వాళ్లు వెళ్లేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అంటే పీహెచ్‌సీకి. డాక్టరు ఓపీ చీటీ మీద నెలకు సరిపడా మాత్రలు రాస్తారు. మందుల గది కిటికీ దగ్గరికి వచ్చేసరికి స్టాకు లేదని పది రోజులవే చేతిలో పెడతారు. కత్తెరతో ముక్కలు చేసిన ఆ స్ట్రిప్పు మీద మందు పేరు సగం, గడువు తేదీ సగం మిగులుతుంది. మళ్లీ రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బయట కొనాలంటే చేతిలో డబ్బుండదు. దాంతో రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెడతారు. ఫార్మసిస్టుతో గొడవపడి లాభం లేదు, కావాల్సిన మందుల జాబితా (ఇండెంట్) పంపినా పైనుంచి మందు రాకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు? కొన్నేళ్లకు ఆ మనిషే పక్షవాతంతోనో, కిడ్నీలు పాడైపోయో అదే కార్డు పట్టుకుని పెద్దాసుపత్రికి చేరతాడు. మాత్రల దగ్గర మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు ప్రభుత్వం డయాలసిస్‌కు చెల్లిస్తుంది. దీన్ని పొదుపు అనుకునేవారు ఎవరో నాకు తెలియదు.

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. ఒక్కో ఆసుపత్రికి ఒక పాస్‌బుక్కు ఇచ్చి, కేటాయించిన మొత్తంలో తనకు ఏ మందు కావాలో ఆ ఆసుపత్రే గోదాము నుంచి తీసుకునే ఏర్పాటు చేసింది. ముప్పై ఏళ్లుగా కళ్లెదుట ఉన్న పద్ధతి ఇది.

ఇక సిబ్బంది. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరని మీ శాఖ గణాంకాలే చెబుతున్నాయి. ఉన్న నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లలో ఎంతోమంది కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నారు. ఆశా కార్యకర్తలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించింది, మనం మాత్రం వాళ్లను ఇప్పటికీ వాలంటీర్లనే అంటున్నాం. (వాలంటీరుకు ఇన్ని రిజిస్టర్లు ఎందుకో!)

ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోవని మీరు అనవచ్చు, నిజమే. కానీ జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల్లో చాలా రాష్ట్రాలకు 60 శాతం మీ దగ్గరి నుంచే వెళ్తోంది. ఆ డబ్బు విడుదల చేసేటప్పుడు రెండు షరతులు పెట్టండి. ప్రతి పీహెచ్‌సీలో ఏ మందు ఎంత ఉందో రోజూ అందరికీ కనిపించాలి, దీర్ఘకాలిక జబ్బుల వారికి నెల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. వచ్చే బడ్జెట్‌లో ప్రాథమిక వైద్యానికి మీ శాఖ నిధుల్లో ఎంత వాటా వెళ్తోందో విడిగా ఒకచోట చూపించండి. మూడింట రెండు వంతులకు అది ఎంత దూరంలో ఉందో మేమే లెక్క వేసుకుంటాం.

ఇట్లు,
ఒక పౌరుడు