చిన్ని కాలేజీ సంగతి

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, నా బదిలీ ఆగింది, ఇల్లు ఇంకా సున్నం చూడలేదు. అవన్నీ తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు కడుపుబ్బరం.

అక్క కూతురు చిన్నికి ఎప్‌సెట్‌లో, అదే ఇంజినీరింగ్ ఎంట్రన్సులో, ఓ మాదిరి ర్యాంకొచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి, అంటే ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని సైట్లో వరస ఇవ్వాలి. "కాలేజీలు చూడ్డం దేనికి? కిందటేడాది ఏ ర్యాంకు దాకా సీట్లొచ్చాయో సైట్లో ఉంది, వరసగా నొక్కేస్తే పోలా" అన్నాడు బావ. చూసి తీరాలంది చిన్ని. తోడు ఎవరు? ఖాళీగా కనిపించేది నేనే కదా!

ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక పెద్ద కాలేజీ. గేటు దగ్గరే ర్యాంకు రాయించుకుని ఒక పీఆర్వోని తగిలించారు. ఏసీ సెమినార్ హాలు, ఫౌంటెను, జిమ్ము, అన్నీ అయ్యాక ప్లేస్‌మెంట్ల గోడ. చిన్ని కాసేపు చూసి, "మామయ్యా, ఈ నీలం చొక్కా అన్నయ్య మూడుచోట్ల ఉన్నాడు" అంది. ఆ కుర్రాడికి మూడు ఆఫర్లు వచ్చాయట, మూడు ఉద్యోగాల కింద లెక్కేశారు! పీఆర్వో మొహం చూడాలిరా. వైవాలో మన ఉప్మా సార్ తనే ఇరుక్కున్న రోజు గుర్తొచ్చింది.

పీఆర్వో తేరుకుని, ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలో రాకపోతే బి కేటగిరీ, అదే మేనేజ్‌మెంట్ సీటుందని, ఇప్పుడే అడ్వాన్సు కడితే మంచిదని మొదలెట్టాడు. ఈలోగా చిన్ని బాత్రూమ్ పేరు చెప్పి మాయం. వచ్చేసరికి కళ్లు ఇంతింత. పనిదినం మధ్యాహ్నం, కంప్యూటర్ ల్యాబ్‌కి తాళం, కిటికీలోంచి చూస్తే మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు. క్యాంటీన్లో సీనియర్ అమ్మాయిల్ని అడిగితే, రెండు సెక్షన్లని కలిపి ఒకే సారు చెబుతున్నాడన్నారట. ఇరవైమందికి ఒక టీచరుండాలని ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన. 2024లో సీట్ల పరిమితి ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకున్నారు, బెంచీలు వేశారు, మరి చెప్పేవాళ్లేరీ? ఇది ఏ బ్రోచర్లో కనిపిస్తుంది చెప్పు!

రెండో కాలేజీలో మమ్మల్ని పట్టించుకున్నవాళ్లే లేరు. పెచ్చులూడిన గోడలు, హాస్టల్ బాత్రూముల సంగతి అడక్కు. కానీ ల్యాబ్ కిటకిటలాడుతోంది. తొంగిచూస్తే, "పిల్లలు పని చేసుకుంటున్నారు, పక్కకి జరగండి సార్" అని అటెండరే కసిరాడు. చిన్నికి అది తెగ నచ్చింది. బస్సులో మాత్రం గంటన్నర, నిలబడే. అదీ చూసొచ్చాం.

ఒక్కపూట చూసి తేల్చేస్తారా, ఆరోజే ల్యాబ్ మూసుంటే అంటాడు బావ. ఆ మాటా కొట్టిపారేయలేను. కానీ పీఆర్వో వెనక నడిస్తే చూసినట్టే కాదనిపిస్తోంది. మన చేరికలప్పుడు ఎవరైనా ఇలా... సరే, మనకి ఊరి పేరు తెలియడమే ఎక్కువ.

చిన్ని రెండోదాన్ని పైన పెట్టింది, బావ దాన్ని కిందికి తోశాడు, మళ్లీ అది పైకి లాగింది. రేపటితో గడువు ఆఖరు. అక్క ఎవరి పక్షమో ఇంకా చెప్పట్లేదు, అదొక టెన్షన్. అన్నట్టు, నీ సమోసాల బాకీ ఇంకా... అదిగో, బావ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. మిగతాది తర్వాత రాస్తా.

నీ
రఘు