మా తమ్ముడిని మళ్లీ యూనిఫాంలో నిలబెట్టిన అందరికీ

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. సెలవు దాటి యూనిట్‌కి వెళ్లకుండా ఉండిపోయిన మా తమ్ముడి ఆర్మీ కేసు తేలింది. కమాండింగ్ ఆఫీసర్ గారు 28 రోజుల మిలిటరీ కస్టడీ వేశారు. అది పూర్తి చేసి డ్యూటీలో చేరాడు. ఉద్యోగం పోలేదు. కేసు నడిచినన్నాళ్లూ ఎక్కడా ఏమీ రాయొద్దని లాయరు గారు చెప్పడంతో ఆగాను. ఇప్పుడు రాయకుండా ఉండలేను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. వాడు సిపాయి, ఎనిమిదేళ్ల సర్వీసు. భార్య పురుడని సెలవు పెట్టి శ్రీకాకుళం వచ్చాడు. బిడ్డ దక్కలేదు. అప్పటి నుంచి మాటా పలుకూ లేదు. సెలవు అయిపోయినా బ్యాగు సర్దలేదు, ఫోన్ ఎత్తలేదు. అనుమతి లేకుండా 30 రోజులు రాకపోతే ఆర్మీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (విచారణ) వేస్తారు, ఆ తర్వాత డెజర్టర్ కింద, అంటే సైన్యం నుంచి పారిపోయినవాడి కింద లెక్కకడతారు. వాడి విషయంలోనూ అదే జరిగింది. జీతం ఆగింది. ఊరి పోలీస్ స్టేషన్‌కి కాగితం వచ్చింది. ‘మిలిటరీ నుంచి పారిపోయొచ్చాడంట’ అన్న మాట మా అమ్మ చెవిన కూడా పడింది. అప్పుడే వాడినీ, మరదలినీ నా దగ్గరికి బెంగళూరు తెచ్చేసుకున్నాను.

కె.ఆర్.పురంలో ఉండే రిటైర్డ్ సుబేదార్ బాబాయి గారూ, ముందు మీకు దండం. ఆర్మీ ఇంజినీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో జీవితమంతా గడిపిన మనిషి, మాకు చుట్టరికం కూడా లేదు. అయినా సాయంత్రం పూట బస్సెక్కి వచ్చి వాడి పక్కన కూర్చునేవారు. మొదట్లో ఏమీ అడగలేదు, ఊరికే కూర్చున్నారు. దుబాయ్ పంపేద్దాం, హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చూద్దాం అన్న మా బంధువులతో గట్టిగానే మాట్లాడారు. ‘పోలీసులు పట్టుకెళ్లి అప్పజెప్తే ఒక లెక్క, నీ కాళ్లతో నువ్వు నడిచెళ్తే ఇంకో లెక్క’ అని వాడికి చెప్పింది మీరే. యూనిట్ దాకా రైల్లో తోడు వెళ్లిందీ మీరే.

ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో వాడిని చూసిన డాక్టరమ్మకు కృతజ్ఞతలు. మందులు ఇచ్చి పంపేయకుండా మరదలిని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆవిడ తేదీలతో సహా రాసిచ్చిన కాగితాలే తర్వాత మాకు ఆధారం అయ్యాయి.

లాయరు గారు ఫీజు మాట ఎత్తనివ్వలేదు. 38వ సెక్షన్ డెజర్షన్. యుద్ధ విధుల్లో ఉన్నప్పుడైతే మరణశిక్ష దాకా వెళ్లొచ్చు, మామూలు రోజుల్లో ఏడేళ్ల వరకు జైలు. 39వ సెక్షన్ అనుమతి లేకుండా రాకపోవడం, సెలవు దాటి ఉండిపోవడం. దానికి మూడేళ్ల వరకు. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా లేదా అన్నదే ఈ రెంటికీ తేడా అని మాకు అర్థమయ్యేలా చెప్పి, వాడి చేత ఉన్నది ఉన్నట్టు రాయించారు. డిస్మిస్ చేస్తే చెన్నైలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి (సైనికుల కేసులు వినే కోర్టు) వెళ్దామని, 1987 నాటి రంజిత్ ఠాకూర్ తీర్పు కూడా తీసి పెట్టుకున్నారు. భోజనం చేయమంటే చేయలేదని ఒక జవానుకి ఏడాది జైలు, డిస్మిసల్ వేస్తే, తప్పుకి శిక్ష తగినట్టుగా ఉండాలంటూ సుప్రీంకోర్టు కొట్టేసిన కేసు అది. అంత దూరం పోనక్కర్లేకపోయింది. 39 కిందే చార్జి పెట్టి, 80వ సెక్షన్ ప్రకారం కమాండింగ్ ఆఫీసర్ గారే తేల్చేశారు. ఆ సెక్షన్ కింద ఆయన వేయగలిగిన కస్టడీ ఎక్కువలో ఎక్కువ 28 రోజులే.

ఆ ఆఫీసర్ గారి పేరు రాయకూడదు. వాడు ఎదురుగా అటెన్షన్‌లో నిలబడితే, ముందు నీ భార్య ఎలా ఉంది అని అడిగారట. సార్, ఆ ఒక్క మాటకి మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం.

ఇంత తేలిగ్గా వదిలేశారా అని కొందరు అడిగారు. సర్వీసు రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే పెద్ద శిక్ష పడిందన్న మచ్చ పడింది. రాని రోజులు సర్వీసులో లెక్కకు రావు. పెన్షన్‌కి పదిహేనేళ్లు నిండాలి కాబట్టి అది చిన్న నష్టమేమీ కాదు. పైగా వాడు రానన్నాళ్లూ వాడి వంతు సెంట్రీ (కాపలా) డ్యూటీ తోటి జవాన్లే చేశారు. వాళ్ల ముందు శిక్ష లేకుండా నిలబడితే తనకే తలెత్తేది కాదు అంటాడు మా వాడు. కస్టడీ నుంచి బయటికి రాగానే టీ గ్లాసు చేతిలో పెట్టింది కూడా వాళ్లేనట. ఆ తమ్ముళ్లందరికీ ఈ అక్క నమస్కారాలు.

మీ ఇళ్లలో ఎవరైనా ఇలా సెలవు దాటి ఉండిపోతే దాచకండి. రాలేకపోతున్న కారణం యూనిట్‌కి స్పీడ్ పోస్టులో రాసి రసీదు దాచుకోండి, డాక్టరుకి చూపించండి, మనిషి కాస్త కుదుటపడగానే పంపించండి.

రైలు ఖర్చులకి, మందులకి మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలు డబ్బు సర్దాయి. వాడి జీతం మళ్లీ మొదలైంది, ఈ నెల నుంచి ఒక్కొక్కరికీ తిరిగి ఇస్తున్నాం. వద్దని మొహమాటపెట్టకండి, తీసుకోండి. తన చేత్తో తీర్చాలని వాడి కోరిక.