బోరు నీళ్ళలో కనరు

చి.ల.సౌ. అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాజోలు ఇంట్లో బోరు నీళ్ళు తాగితే ఇనప మేకు చప్పరించినట్టు కనరుగా ఉందని, అల్లుడుగారు ఆర్వో మెషిన్ బేరం చేస్తున్నారని చెప్పావు కదా. ఆ బేరం ఒక్క వారం ఆపించు. ఇనుము భూమిలోంచి వస్తోందా, మీ పైపుల్లోంచి వస్తోందా అన్నది ముందు తేలాలి. రెంటికీ మందు వేరు.

తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే వంటింటి కుళాయి మొదటి ధార ఒక గాజు గ్లాసులో పట్టు. ఐదు నిమిషాలు వదిలేసి రెండోది పట్టు. మూడోది మోటారు వేసి, నీళ్ళు డాబా మీద ట్యాంకుకి ఎక్కకముందే బోరు దగ్గర పట్టు. మొదటి గ్లాసే కనరు కొట్టి మిగతావి బాగుంటే తప్పు పాత జీఐ (జింకు పూత వేసిన ఇనప) గొట్టానిదో, ఇత్తడి కుళాయిదో. సింకులో నీలంగా, పచ్చగా చిలుము మరకలుంటే రాగి కరుగుతోందన్నమాట. అక్కడ తేలిగ్గా తీసుకోకు, చవక ఇత్తడిలో సీసం ఉంటుంది, దానికి రుచే ఉండదు. ఐ.ఎస్. 10500 అనే మన దేశపు నీటి ప్రమాణం ప్రకారం తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఆ కుళాయి, గొట్టం మార్చేయించు, అప్పటిదాకా పొద్దున్న మొదటి నీళ్ళు మొక్కలకు పోసెయ్యి. ఇంకోటి, ఇంట్లో ఒక్కరికే కనరు తెలుస్తుంటే వాళ్ళు వాడే మాత్రలు చూడు. మెట్రోనిడజోల్ వేసుకున్నా నోరు అలాగే ఉంటుంది.

బోరు దగ్గర పట్టిన గ్లాసు కూడా కనరైతే భూమిదే. నాలుగు జామాకులు నలిపి అందులో వెయ్యి. ఇనుముంటే కాసేపట్లో నీళ్ళు ఊదాగా, నల్లగా తిరుగుతాయి. మీ టీ నల్లబడటానికీ ఇదే కారణం, ఆకులోని వగరు ఇనుముతో కలిసి సిరా అవుతుంది. ఇనుము ఉందని తెలుస్తుందే గాని ఎంతుందో దీంతో తేలదు.

మన డెల్టా అంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. బంకమన్ను పొర కిందికి గాలి చొరదు, కుళ్ళిన ఆకూ అలమూ ఉన్న కాస్త ఆక్సిజన్నూ తినేస్తాయి. అప్పుడు ఇసుక రేణువులకు పట్టిన ఇనుము కరిగి నీళ్ళలో కలుస్తుంది. అందుకే పైకి వచ్చినప్పుడు తేటగా ఉండి, బిందెలో నిలిచాక పసుపుబారి, ఎర్రబారి, అడుగున మడ్డి దిగుతుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల దగ్గర్నుంచి నాలుక్కీ, తెల్లబట్టలకీ తెలుస్తుంది. బోరు ఇంకా లోతుకు దింపుదామంటే మాత్రం ఒప్పుకోకండి. సముద్రం దాపునున్న ఊళ్ళలో కిందికి పోయేకొద్దీ ఉప్పు తగిలే భయమే ఎక్కువ. ఇనుమైతే ఇంట్లోనే తీసెయ్యొచ్చు.

ఫ్లష్ ట్యాంకు మూత తీసి లోపలి గోడ వేలితో రుద్ది చూడు. నారింజ రంగు జిగురు వేలికి అంటుకుంటే ఇనప బ్యాక్టీరియా బోరులో కాపురం పెట్టి ఉండొచ్చు. దానికి బ్లీచింగు. 6 అంగుళాల బోరులో మీటరు లోతుకి 18 లీటర్లు ఉంటాయి, 4 అంగుళాలదైతే 8. ఆరంగుళాల బోరులో 20 మీటర్ల నీరుంటే 360 లీటర్లు, లీటరుకు 100 మిల్లీగ్రాముల లెక్కన 36 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగు పౌడర్‌లోనే అది మూడో వంతు, పాత పొట్లంలో ఇంకా తక్కువ, కాబట్టి 120 నుంచి 150 గ్రాములు వెయ్యాలి. బకెట్‌లో కలిపి, మడ్డి పేరుకున్నాక పైతేట మాత్రమే బోరులో పొయ్యాలి. మోటారు వేసి పైపుతో నీళ్ళు మళ్ళీ బోరులోకే కాసేపు తిప్పి, ఒక రాత్రి వదిలి, వాసన పోయేదాకా తోడెయ్యాలి. ఆ నీళ్ళు చేపల చెరువులోకి పోనివ్వకండి. బ్లీచింగుతో బాత్రూము యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, రెండూ ఒకచోట ఉంచొద్దు.

ఇనుము తీసే ఏర్పాటుకి రెండు డ్రమ్ములు చాలు. పీవీసీ పైపుకి సన్నటి బెజ్జాలు వేసి, నీళ్ళు జల్లుగా గులకరాళ్ళ ట్రే మీద పడి మొదటి డ్రమ్ములోకి దిగేలా పెట్టండి. గాలి తగిలిన ఇనుము తుప్పు రేణువులై పేరుకుంటుంది, రాత్రంతా నిలవనివ్వండి. రెండోది 200 లీటర్లది. అడుగున 15 సెంటీమీటర్లు కంకర, దానిపైన 5 సన్న గులక, ఆపైన 45 సెంటీమీటర్లు బాగా కడిగిన ఇసుక. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, లేకపోతే మొదటి వారమే ఫిల్టరు పూడుతుంది. గంటకు 200 లీటర్లు మించి వదలకండి. ధార సన్నబడితే పైన ఎర్రటి పొర గీకి తియ్యాలి. మీ అత్తగారు చిల్లగింజ అరగదియ్యమంటారేమో. అది ఏటినీటి బురదకి బ్రహ్మాండం, కరిగిన ఇనుముకి పనిచెయ్యదు. కాచినా ఇనుము మడ్డి దిగుతుందే గాని సీసం, ఉప్పు చిక్కబడతాయి.

ఈ ఇనుము తియ్యకుండా ఆర్వో పెడితే అందులో నీళ్ళు వడగట్టే పొర, మెంబ్రేన్, త్వరగా పూడుకుపోతుంది. క్లోరిన్ నీళ్ళు పంపినా పాడవుతుంది.

గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో పీహెచ్, టీడీఎస్ (కరిగిన లవణాలు మొత్తం), క్లోరైడు, ఇనుము, మాంగనీసు, నైట్రేటు చూపించు. ఇనుముకి యాసిడ్ వేసిన సీసా వాళ్ళనే అడుగు, మామూలు సీసాలో ఇనుము అడుగుకు అంటి తక్కువ చూపిస్తుంది. బ్యాక్టీరియాకి వేరే సీసా. మాంగనీసు లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటిందంటే పైన చెప్పిన డ్రమ్ములతో పోదు, అది గాలికి అంత తేలిగ్గా లొంగదు. రిపోర్టు ఫొటో పంపు, అప్పుడు చెప్తాను. అందాకా తాగడానికి క్యాన్ నీళ్ళే వాడండి.

మీ అత్తగారికి, మామగారికి నమస్కారాలు.

నాన్న