తాతయ్య కలం

విశాఖపట్నం, మల్కాపురం.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది,

ఈ ఉత్తరంతో వస్తున్న నల్ల కలం మీ తాతయ్య రాజమండ్రిలో రత్నం గారి దుకాణంలో కొన్నది. కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన ఆ పనిశాల నుంచి ఒక కలం గాంధీజీ అనుచరుడు జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. దానితో రాసి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ కలాలకు బదులు ఇది బాగానే పనికివస్తుందనిపిస్తోందని 1935 జూలై 16న రత్నం గారికి జాబు రాశారు.

ఇన్నేళ్లూ లేత్ దగ్గర నిలబడినవాణ్ణి కనుక నా కళ్లు ముందు మూత బిగించే మరచుట్ల మీదికే పోతాయి. రబ్బరులో గంధకం హెచ్చుగా కలిపి చాలాసేపు వేడిచేస్తే కొమ్ములా గట్టిపడే ఎబొనైట్ కడ్డీని, ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పినట్టే తిప్పి, చేతితో ఆ మరచుట్లు కోశారు. బొటనవేలితో గట్టిగా రుద్దితే ఇప్పటికీ గంధకం వాసన వస్తుంది.

పాళీ అడుగున నాలుకలా అతుక్కున్న ముక్కను చూడు. దాని సన్నని గాడిలో ఇంకు కిందికి దిగుతుంటే, దిగినంత మేర గాలి పైకి వెళ్లాలి. న్యూయార్కులో వాటర్‌మన్ అనే ఆయన 1884లో పేటెంటు పొందినది ఈ ఏర్పాటుకే. నా ఇంటర్ పరీక్షలో ఇదే కలం జవాబు పత్రం మీద పెద్ద మరక వేసినప్పుడు నాకు కారణం తెలియలేదు. ఇంకు తగ్గినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి అది వ్యాకోచించి మిగిలిన ఇంకును బయటికి తోసేస్తుంది. ఆ రోజు ఎండలో దాన్ని పిడికిట్లో పట్టుకుని నడిచి వెళ్లాను. అందుకే పావువంతు మిగలగానే ఫిల్లరుతో మళ్లీ నింపుకో తల్లీ.

కడిగేటప్పుడు చన్నీళ్లే వాడు, వేడినీళ్లకు ఎబొనైట్ రంగు మారుతుంది. మూత మీద కనిపించే గోధుమరంగు మాత్రం, తాతయ్య కిటికీ దగ్గర పెట్టుకుని రాసిన ఏళ్లలో వెలుతురుకు వచ్చినది. దాన్ని పాలిష్ పెట్టి పోగొట్టవద్దు. పాళీ ఆయన చేతి వాలుకు అరిగింది కనుక మొదట్లో కాస్త గీరుకుంటుంది. బలంగా నొక్కకుండా, కలాన్ని కొద్దిగా ఎడమకు తిప్పి రాసి చూడు.

ఇంకు బుడ్డి విడిగా కట్టి పంపుతున్నాను. అందగానే నింపి, మొదటి ఉత్తరం దానితోనే అమ్మకు రాయి.

ఇట్లు,
మీ నాన్న